మొక్కుకున్న కోడెకు పెద్ద వాకిలి

మా తోడల్లుడు కరీంనగర్‌లో ఇల్లు కొందామనుకుని, బేరానికి నన్ను వెంటబెట్టుకుపోయాడు. మా చుట్టాల్లో ఎవరు ఏది కొన్నా నన్ను తోలుకుపోవడం అలవాటు. జమ్మికుంటలో మాది గిన్నెల దుకాణం. నడక సరిగా రాకముందే గల్లా పక్కన కూర్చున్నవాణ్ని కాబట్టి, ఏ వస్తువు చూసినా ముందు దాని సొట్ట కనబడుతుంది, తర్వాతే దాని మంచి. అది గుణమో రోగమో మా ఆవిడను అడగాలి.

ఆ ఇంటి తలుపు తీసేదాకా నేను గుర్తుపట్టలేదు. గల్లీ మారిపోయింది, గోడల రంగు మారింది. లోపల మాత్రం అదే వరుస. ముందు వాకిలి ఎడ్లబండి పట్టేంత వెడల్పు. దానికి ఎదురుగా నడిమింటి వాకిలీ అంతే. దాని వెనక వంటింటి పక్క వాకిలీ అంతే. గల్లీలో నిలబడి చూస్తే పెరట్లో జామచెట్టు కనబడుతుంది. ఇల్లు చూపించే దలాలి, గాలి ఆడాలని ఇట్లా పెట్టించారని చెప్పాడు. మా తోడల్లుడు మోచేత్తో నన్ను పొడిచాడు. అందుకో, ఇక్కడినుంచి మొదలుపెట్టు అని దాని అర్థం. గోడలన్నీ బొక్కలే, ఇంటికి బలమెక్కడిది అని నేను అందుకోవాలి. నేను పోయి నడిమింటి దర్వాజా మీద అరచెయ్యి ఆనించాను. ఆ బేరం చెడిపోయింది. తోడల్లుడు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆ వాకిళ్లకు టేకు బేరం చేసింది నేనే. పెట్టించినవాడు ఈ ఇల్లు ఎప్పుడో అమ్ముకున్నాడు, ఈమధ్యే చనిపోయాడు.

వాడి పేరు రాయను. రాస్తే వాడి వైపు చుట్టాలు వచ్చి నా దుకాణం మెట్ల మీద కూర్చుంటారు. జమ్మికుంట దగ్గరి పల్లెలో వాళ్లకు భూములుండేవి. బడిలో నా పక్కన కూర్చునేవాడు. పెద్దయ్యాక కరీంనగర్‌లో విత్తనాల దుకాణం పెట్టాడు. నేను వాణ్ని పటేలా అనేవాణ్ని, వాడు నన్ను సేటు అనేవాడు. ఆ రెండు పిలుపుల్లో సగం వెక్కిరింతే.

పటేలుతో నా బాధ ఒక్కటే. వాడికి ఏదైనా నచ్చితే ఆ సంగతి ముఖం మీద రాసిపెట్టినట్టు ఉండేది. అరచెయ్యి దాని మీద ఆనించి, నాలుక చప్పరించి, అమ్మేవాడి ముందరే మెచ్చుకునేవాడు. బేరం చేసే మనిషికి ఇంతకన్నా నరకం లేదు. నేను కావలసిన వస్తువును వదిలి పక్కదాని ధర అడుగుతాను. ముఖం చిట్లిస్తాను. మెట్లు దిగుతాను. వెనకనుంచి పిలుపు వచ్చేదాకా చెప్పులు వేసుకుంటూనే ఉంటాను. సరిగ్గా ఆ పిలుపు వచ్చే వేళకు పటేలు లోపలే ఉండి, దుకాణదారుకు తన ఇల్లు ఎట్లా ఉంటుందో, ఈ వస్తువును ఏ మూల పెడితే బాగుంటుందో వివరిస్తుండేవాడు. నేను వాడి మీద అరిస్తే, అమ్మేటాయనకు గూడ జర సంతోషం గావాలె గద సేటు, అని నవ్వేవాడు. అమ్మేవాడి సంతోషం గురించి ఆలోచించమని మా దుకాణంలో ఎవరూ నాకు నేర్పలేదు.

విహారాలకు పోయినా ఇదే గోస. బట్టల దుకాణం రాజేశానికి ఒక పాత జీపు ఉండేది. వానలు వెనకబట్టాక మేం ముగ్గురం దాంట్లో కుంటాల జలపాతానికో, కడెం కట్టమీదికో పోయేవాళ్లం. ఒకసారి కడెం దగ్గర చాయ తాగుతుంటే పటేలు కాళ్ల దగ్గరికి ఒక కుక్కపిల్ల వచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని జీపెక్కాడు. తీరా చూస్తే అది కరీంనగర్ దాకా నా ఒళ్లోనే ఉంది, కక్కింది కూడా నా ఒళ్లోనే. మరుసటి నెల వాళ్లింటికి పోతే ముందు గదిలో మేస్త్రీ గోడ పగలగొడుతున్నాడు. కిటికీ మరీ పైన ఉందట, కుక్కకు గల్లీ కనబడటం లేదట. ఆ కాలంలో కరీంనగర్‌లో ఇండ్లు బాగుచేసుకునేవాళ్లు మొజాయిక్ వేయించుకున్నారు, అద్దాల అలమారాలు పెట్టించుకున్నారు. మా పటేలు కుక్క కోసం కిటికీ కిందికి దించాడు. దాంతో వీధిలో పోయే ప్రతివాడూ లోపలికి తొంగి, పటేలు అన్నం తినడం చూస్తూ పోయేవాడు.

అసలు సంగతి కోడెది.

పటేలు వాళ్లకు ఒక్కతే ఆడపిల్ల. బడిలో వేసిన ఏడాదే టైఫాయిడ్ వచ్చింది. జరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. పిల్ల కళ్లు తెరవని రోజుల్లో వాళ్లావిడ, పిల్ల బతికితే వేములవాడ రాజన్నకు కోడెను ఇస్తానని మొక్కుకుంది. గుడిలో టికెట్ కొని అక్కడున్న కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసి వచ్చే మొక్కు మా వైపు అందరూ చేసేదే. ఈమె మొక్కింది అది కాదు. సొంత కోడెను కొని, తీసుకుపోయి, అక్కడే వదిలి రావాలి. పిల్ల లేచి కూర్చుంది. ఇంక కోడెను కొనాలి.

ఆమె నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. కోడెను నువ్వే దగ్గరుండి కొనిపించి, అటునుంచి అటే వేములవాడ పంపించమని చెప్పింది. దాన్ని ఇల్లు తొక్కనియ్యొద్దని గట్టిగా చెప్పింది. మొగుడి సంగతి ఆమెకు తెలుసు.

కుంటాల పోయి వచ్చేటప్పుడు ఇచ్చోడ అంగట్లో దిగాం. పశువుల బేరంలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకు తువ్వాల కదలడమే కనబడుతుంది. నాకు బహు ఇష్టమైన పద్ధతి. అక్కడ పటేలు నోరు పనిచెయ్యదని నా ధీమా. చెవుల కొసలు నల్లగా ఉన్న తెల్లటి కోడెదూడ ఒకటి కుదిరేటట్టు కనబడింది. దాని యజమాని మరాఠీ కలిసిన మాటల ముసలాయన. తువ్వాల కింద ఆయన వేళ్లు ఒక్కొక్కటే మెత్తబడుతున్నాయి. అప్పుడు ఆయన నా భుజం మీదుగా చూశాడు. వేళ్లు మళ్లీ బిగిశాయి.

"కాయ్ సేట్," అన్నాడు ముసలాయన, "బేరం నువ్వు జేస్తున్నవ్. నీ దోస్తు అప్పుడే దాన్తోటి సంసారం పెట్టిండు."

వెనక్కి తిరిగి చూస్తే పటేలు కింద కూర్చుని, దూడ మెడను చేతులతో చుట్టి, దాని చెవిలో ఏదో చెబుతున్నాడు. ముసలాయన అడిగినంతా ఇచ్చి వచ్చాం.

దూడను జీపు వెనక ఎక్కించాం. సీట్లు పాడవుతాయని రాజేశం నిర్మల్ దాకా ఏడ్చాడు. నేను తోక పక్కన కూర్చున్నాను. కోరుట్లనుంచి వేములవాడ దారి పట్టాలి. అక్కడ చాయకు ఆగినప్పుడు పటేలు మొదలుపెట్టాడు. దూడ అలసిపోయిందట. ఒంటినిండా పేడ ఉందట. ఇట్లా మురికిగా దేవుడికి ఇస్తే బాగుండదట. ఇంటికి తీసుకుపోయి కడిగి, వచ్చే సోమవారం నాడు పసుపు కుంకుమ పెట్టి తీసుకుపోదామట. నేను వద్దన్నాను, రాజేశం వద్దన్నాడు. జీపులో ముందు సీట్లో వాడే ఉన్నాడు, పెట్రోలు పోయించిందీ వాడే. బండి కరీంనగర్ పోయింది.

ఆ సోమవారం దూడకు కడుపు బాగాలేదు. తర్వాతి సోమవారం వాన. ఆ తర్వాత విత్తనాల అదును, దుకాణం వదిలి రావడానికి లేదు. దూడ మాత్రం ఎదుగుతూనే ఉంది.

వాళ్లింటికి పెరటి దారి లేదు. రెండు పక్కలా పొరుగిండ్లు. పెరట్లోకి పోవాలంటే ముందు వాకిలి, నడిమిల్లు, వంటింటి పక్క వాకిలి దాటాలి. దూడ రోజూ పొద్దున అట్లా బయటికి, సాయంత్రం అట్లా లోపలికి. చుట్టాలు వచ్చి నడిమింట్లో కూర్చుంటే కాళ్లు ముడుచుకునేవాళ్లు. ముక్కుతాడు వేస్తే అదుపులో ఉంటుందని నేనన్నాను. చెల్లె ఒప్పుకోలేదు. రాజన్నదని అనుకున్నాక దానికి ముక్కు కుట్టొద్దు, కట్టె చూపొద్దు, కొమ్ములు కొయ్యొద్దు. ఆమెకు భక్తి, వాడికి ప్రేమ. కోడెకు రెండు వైపులనుంచీ లాభం.

ఒకరోజు నడిమింటి వాకిట్లో దాని కొమ్ములు ఇరుక్కున్నాయి. వెనక్కి రమ్మంటే రాలేదు. ముందుకే పోయింది, దర్వాజాతో సహా. గోడమీది గడియారం కిందపడింది. చెల్లె దేవుడి గూటి ముందు నిలబడి లెంపలేసుకుంది. పటేలు కోడె కొమ్ములు తడిమి చూసి, ఏం కాలేదు, అని ఊపిరి పీల్చుకున్నాడు. నేనేమో ఊడిన దర్వాజా దిక్కు చూస్తున్నాను.

అట్లా మొదలైంది వాకిళ్ల పని. కొమ్ములు పెరిగినప్పుడల్లా నాకు కబురు వచ్చేది. ఆదిలాబాద్ దిక్కుకు పోయి టేకు చూసేవాళ్లం. అమ్మేవాడు ఇంత పెద్ద దర్వాజా ఎందుకని అడిగేవాడు. నేను నోరు మూసుకుని ఉండేవాణ్ని. పటేలు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. దేవుడి కోడె కోసమంటే అమ్మేవాడు దణ్ణం పెట్టి, ధర మాత్రం దించేవాడు కాదు. నున్నటి షాబాదు బండల మీద దాని గిట్టలు జారుతున్నాయని అవి తీయించి గరుకు బండలు వేయించాడు. చెల్లె పుట్టింటినుంచి తెచ్చుకున్న అద్దాల అలమారా కొమ్ము తగిలే ఎత్తులో ఉందని అటకెక్కించాడు. ఇల్లు బాగుచేయిస్తున్నానని వాడు అందరికీ చెప్పుకునేవాడు. ఆ ఇంట్లో బాగుపడింది కోడె ఒక్కటే.

మా విహారాలు కూడా ఆగిపోయాయి. వాడు ఇంట్లో లేకపోతే అది గడ్డి ముట్టదట. రాజేశమూ నేనూ కుంటాల పోయి, ఇద్దరమే రాయి మీద కూర్చుని, కోడెను తిట్టుకుంటూ పూరీలు తిని వచ్చాం.

నా ఒత్తిడి మీద ఒకసారి వేములవాడ పోయాం. లారీ మాట్లాడి, కోడెను ఎక్కించి, చెల్లెను ముందు కూర్చోబెట్టి తీసుకుపోయాం. పటేలు తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పాడు. కట్టేసే చోటు వచ్చింది. ఆగలేదు. ఇంకో చుట్టు తిప్పాడు. మళ్లీ అక్కడికి వచ్చాడు, మళ్లీ ఆగలేదు. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. చివరికి గుడి బయటికి వచ్చి, నేరుగా లారీ దగ్గరికి నడిచి, కోడెను ఎక్కించాడు. ఇదేమిటని అడిగితే, ఇయ్యాల రష్ మస్తున్నది సేటు, మల్లొద్దాం, అన్నాడు. చెల్లె దారంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత నన్ను దుకాణం వెనక్కి తీసుకుపోయి కొత్త మాట మొదలుపెట్టాడు. దీని బదులు రెండు కోడెలు కొనిస్తాడట. కావాలంటే గుడికి టేకు తలుపులు చేయిస్తాడట. ఈ మాట చెల్లెతో నేను మాట్లాడాలట.

"నువ్వు ఇంత బేరగానివి," అన్నాడు, "ఒక్కపారి నాకోసం గూడ మాట్లాడరాదు?"

చెల్లె వినలేదు. చెప్పిందే ఇయ్యాలె అన్నా, అని తేల్చేసింది.

పిల్లకు మళ్లీ జరం వచ్చింది. పెద్ద జరం కాదు, డాక్టరు సూది వేస్తే మరునాటికి తగ్గింది. జరం తగ్గిన రోజు చెల్లె పిల్ల బట్టలు సర్ది, చెన్నూరు బస్సెక్కింది. అది ఆమె పుట్టిల్లు. కోడె వేములవాడ పోయినంక కబురు జెయ్యి, అప్పుడొస్త అని పక్కింటామెతో చెప్పించింది. నేరుగా మొగుడితో చెప్పలేదు.

పటేలు నన్ను చెన్నూరు పంపాడు. వద్దనాలి నేను. పోయాను. బేరాల్లో నాకు తెలిసిన విద్యలన్నీ బస్సులో నెమరేసుకుంటూ పోయాను. దూరంనుంచి మొదలుపెట్టాలి. ఎండల గురించి, గోదావరి నీళ్ల గురించి మాట్లాడాలి. తర్వాత చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. ఎదుటివాళ్లే మొదలుపెట్టేదాకా ఓపిక పట్టాలి. చెల్లె అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది. నా ముందు గోడకు ఆనుకుని కూర్చుంది. చివరికి ఆమే అన్నది.

"అన్నా, నాకు గా కోడె మీద కోపం లేదు. దానికి కుడితి పెట్టింది నేనే. పిల్ల తుమ్మితే దానిదిక్కు జూస్తున్న. పిల్ల అన్నం తినకుంటే దానిదిక్కు జూస్తున్న. ఆయనకు అది కోడె. నాకు అది ఇంట్ల కట్టేసుకున్న బుగులు. ఇట్ల ఎన్నొద్దులు బతకాలె, నువ్వే జెప్పు."

బుగులు అంటే మా వైపు భయం. ఆమె దాన్ని మామూలుగా, ఉప్పు ఎక్కువైంది అన్నట్టు చెప్పింది. నేను బయటికి వచ్చి బస్సెక్కాను. ఉన్నదున్నట్టు పటేలుకు అప్పజెప్పాను. వాడు విన్నాడు. పిల్ల మంచిగ తింటుందా అని అడిగాడు. తింటుందన్నాను. లేచి పెరట్లోకి పోయాడు.

రెండు రోజులాగి కబురు పంపాడు. చెల్లెను కూడా వేములవాడ రమ్మనమన్నాడు. కోడె ఇప్పుడు లారీ ఎక్కేటట్టు లేదు. నడిపించుకుపోతానన్నాడు. కరీంనగర్‌నుంచి వేములవాడ ఒక పొద్దు నడక. వాడొక్కణ్నే పంపలేక నేనూ రాజేశమూ జీపులో వెనకే పోయాం. జీపు నడవగలిగినంత మెల్లగా నడిచింది. ఇంజను వేడెక్కితే ఆపి నీళ్లు పోశాం. బస్సులవాళ్లు హారన్లు కొట్టి మమ్మల్ని తిట్టారు. దారిలో పల్లె వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు చెంబుల్లో నీళ్లు తెచ్చి కోడె కాళ్ల మీద పోసి మొక్కారు. ప్రతిచోటా పటేలు ఆగాడు. నీళ్లు పోసిన ప్రతి ముసలమ్మకూ దాని గుణాలు చెప్పాడు. ముక్కుతాడు లేకున్నా ఎంత బుద్ధిమంతుడో చూడు అవ్వా, అన్నాడు. నేను జీపులో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఇట్లా అయితే రేపటికి కూడా చేరమని రాజేశంతో అన్నాను. రాజేశం క్లచ్ వాసన చూస్తూ తల ఊపాడు.

పొద్దు వంగే వేళకు చేరాం. చెల్లె పిల్లతో గుడి ముందు నిలబడి ఉంది. ముగ్గురూ కలిసి కోడెను తిప్పారు. కట్టేసే చోటికి వచ్చాక పటేలు ఆగాడు. తాడు పిల్ల చేతికిచ్చాడు. పిల్ల కట్టింది, ముడి వదులుగా పడితే వాడు సరిచేశాడు. సరిచేసి చెయ్యి తీసేశాడు. చెల్లె నిలబడ్డచోటే కిందకూర్చుని గట్టిగా ఏడ్చింది. వాడు ఏడవలేదు. బయటికి వచ్చి చాయ తెప్పించుకున్నాడు. అది చల్లారిపోయింది.

చెల్లె ఇంటికి వచ్చింది. ఆ ఏడు ఆమె ఒళ్లు చేసింది, నవ్వడం కూడా చూశాను. ఇప్పుడన్నా ఈ వాకిళ్లు చిన్నవి చేయించు, వానజల్లు లోపలికి వస్తోంది, దొంగలు బండి తోలుకుని రావచ్చు అని నేను పోరాను. చేయిద్దాం తియ్యి, అన్నాడు. చేయించలేదు. కనీసం కుంటాల పోదాం పద అంటే, సోమవారం తప్ప ఏ రోజైనా అన్నాడు. రాజేశానికీ నాకూ దుకాణాలకు సెలవు సోమవారమే. మళ్లీ కుదరలేదు. కోడె ఉన్నప్పుడు కోడె అడ్డం, పోయాక సోమవారం అడ్డం.

సోమవారాలు వేములవాడ పోతున్నాడని రాజేశం చెప్పాడు. నాకు మండింది. ఇచ్చిందాన్ని చూడటానికి వారం వారం పోతే ఇచ్చినట్టు ఎట్లా అవుతుంది. ఇంత దూరం నడిపించి, ఇంత ఏడిపించి, చివరికి ఇదా. ఒక సోమవారం నేనూ బస్సెక్కాను. గుడి దగ్గర జనం విపరీతంగా ఉన్నారు. కోడె మొక్కుల వరుసలో టికెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు పటేలు. వాడి వంతు వచ్చింది. ఒక కోడెను తెచ్చి తాడు చేతికిచ్చారు. ఎర్రటి కోడె, పొట్టి కొమ్ములు, బక్కగా ఉంది. వాడు దానితో నడవబోతుంటే నేను పోయి చెయ్యి పట్టుకున్నాను.

"ఇది నీది గాదు గద పటేలా. ఆగు, నేను మాట్లాడి నీదాన్ని తెప్పిస్త."

"వద్దు సేటు," అన్నాడు. "నాది ఏడున్నదో నేను అడుగుతలే. గిది ఎవరిదో. గాయన గూడ ఇంటికాడ కూసోని ఫికర్ జేస్తుండొచ్చు. నేను దీన్ని మంచిగ తిప్పిన్ననుకో, నాదాన్ని ఎవరో ఒకరు మంచిగ తిప్పుతరు."

ఎవరితో మాట్లాడుకున్నావు ఈ మాట, నడుమ ఎవరున్నారు అని అడగబోయాను. అప్పటికే కోడె కదిలింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పటేలు తాడు గుంజలేదు, అదిలించలేదు. దాని పక్కన నిలబడి, అది మళ్లీ నడిచేదాకా చూస్తున్నాడు. వెనక వరుస ఆగిపోయింది. పిల్లలను భుజాల మీద ఎత్తుకున్నవాళ్లు, తడిబట్టలతో ఉన్నవాళ్లు తోసుకుంటున్నారు. వాడు నా మనిషని చూసినట్టున్నారు, నా మీద పడ్డారు. గాయన్ను జర జల్ది నడువుమను, అని ఒకాయన నా భుజం పట్టి ఊపాడు.

నేను వాళ్లవైపు తిరిగి, రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"జర ఆగుండ్రి," అన్నాను. "తిప్పనియ్యుండ్రి."